ధూళి పలక నుంచి బాల్‌వాటిక దాకా

బడిలో ఏ పిల్లవాడు ఏ మెట్టు మీద ఉండాలో తేల్చే కొలతలు రెండే: వాడి వయసు, వాడికి వచ్చిన చదువు. ఈ రెండింటిలో దేన్ని ముందు చూడాలన్న తర్జనభర్జన సూరత్ జిల్లా కిమ్ ప్రాంతంలో దాదాపు రెండు వందల ఏళ్ళుగా నడుస్తోంది. కిమ్ ఓల్పాడ్ తాలూకాలోని ఊరు. సూరత్ నుంచి భరూచ్ వెళ్ళే రైలుదారిలో, అదే పేరున్న నదికి దగ్గరగా ఉంటుంది. బాంబే, బరోడా అండ్ సెంట్రల్ ఇండియా రైల్వే 1860 ఫిబ్రవరిలో మొట్టమొదట తెరిచిన అంక్లేశ్వర్–ఉత్రాణ్ దారి ఈ వైపుగానే పోతుంది. ఒకప్పుడు పత్తి, తర్వాత చెరకు, ఇప్పుడు పిపోదరా వైపు మరమగ్గాలు. ఇలాంటి ఊరి చదువు దానంతట అదిగా రూపుకట్టలేదు. సూరత్ పట్నం, బొంబాయి ప్రెసిడెన్సీ, పొరుగునున్న బరోడా సంస్థానం ఒక్కొక్కటీ ఒక్కో గీత గీస్తూ వచ్చాయి.

గుజరాత్ పల్లెల్లో పాత బడికి జనం పెట్టుకున్న పేరు ధూళీ నిశాళ్, అంటే దుమ్ము బడి. పేరులో చిన్నచూపు ఏమీ లేదు. చెక్క పలక మీద మెత్తటి దుమ్ము పలచగా పరిచి, వతరణు అనే మొనదేలిన పుల్లతో పిల్లలు అక్షరాలు దిద్దేవారు. తప్పు పోతే పలకను ఒక్కసారి కదిపితే చాలు, దుమ్ము సర్దుకుని మళ్ళీ ఖాళీ పలక చేతిలో ఉండేది. కాగితం కొనలేని ఇంటి పిల్లవాడికి ఇంతకంటే మంచి పలక దొరకదు. పిల్లవాడిని తొలిసారి బడికి పంపే రోజున నిశాళ్‌గరణు అనే వేడుక చేసేవారు. కొత్త బట్టలు కట్టి, ఊరేగింపుగా తీసుకువెళ్ళి, బడిపిల్లలందరికీ మిఠాయి పంచేవారు. మన అక్షరాభ్యాసానికి దగ్గరి చుట్టమే ఇది.

ఆ బడిలో తరగతి అన్న మాట లేదు, పరీక్ష అన్న రోజూ లేదు. మెట్లు మాత్రం ఉన్నాయి. అక్షరాలు, గుణింతం, ఆ తర్వాత ఆంక్, అంటే ఎక్కాలు. పూర్ణాంకాల ఎక్కాలతో ఆంక్ ఆగేది కాదు. పావు, అర, ముప్పావు, సవా (ఒకటింపావు), దోఢ్ (ఒకటిన్నర), అఢీ (రెండున్నర), చివరికి మూడున్నర ఎక్కమైన ఊఠా దాకా నోటికి రావాలి. ఊఠా వచ్చిన పిల్లవాడు దుకాణంలో గద్దె మీద కూర్చోగలడని తండ్రికి ధైర్యం. వాడికి తొమ్మిదేళ్ళా పదమూడేళ్ళా అని ఎవరూ లెక్కపెట్టలేదు. దారం, ధాన్యం, వడ్డీ లెక్కల మధ్య బతికే సూరత్ సీమకు ఆ కొలత సరిపోయింది. ఆ సరిపోవడంలోనే దాని హద్దు కూడా ఉంది. లెక్క అవసరం లేదనుకున్న కులాల పిల్లలకూ, ఆడపిల్లలకూ ఆ గుమ్మం చాలావరకు తెరుచుకోలేదు.

తెలుగు సీమల్లో అదే కాలపు బడి ఎలా ఉండేదో ఇంకా వివరంగా తెలుస్తుంది. మద్రాసు గవర్నర్ థామస్ మన్రో 1822 జూన్‌లో ప్రెసిడెన్సీలోని బడుల లెక్క తీయమని కలెక్టర్లను ఆదేశించాడు. వచ్చిన జవాబుల్లో బళ్ళారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక అన్నిటికంటే నిండుగా ఉంటుంది. తెలుగు, కన్నడం రెండూ సాగే ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు తేలారు. పిల్లవాడికి అయిదో ఏడు రాగానే పంతులునూ బడిపిల్లలనూ ఇంటికి పిలిచి, వినాయకుడి ముందు కూర్చోబెట్టి, బియ్యంలో వేలితో అక్షరం దిద్దించేవారు. మర్నాటి నుంచి బడి. పేద ఇళ్ళ పిల్లలు అయిదేళ్ళు చదివి మానుకునేవారు. కలిగినవాళ్ళ పిల్లలకు పద్నాలుగు, పదిహేనేళ్ళ చదువు కూడా సాగేది.

బడిలో సాధారణంగా నాలుగు జట్లుండేవి. ఒక జట్టు నుంచి పై జట్టుకు పోవడానికి పిల్లవాడి నేర్పే ఆధారం. మొదటి మెట్టు ఇసుకలో వేలితో దిద్దడం. ఆ చెయ్యి కుదిరాక తాటాకు మీద గంటం, కాగితం మీద రెల్లు కలం, లేదా కడితం మీద బలపం. కింది జట్లకు పెద్ద పిల్లలే చెప్పేవారు. మద్రాసులోని అనాథ బాలుర ఆశ్రమంలో పనిచేసిన ఆండ్రూ బెల్ ఈ పద్ధతినే ఇంగ్లండుకు తీసుకుపోయి, దాని మీద 1797లో పుస్తకం వేశాడు. అక్కడ వాడుకలోకి వచ్చిన ఈ విధానం ఇక్కడి బడులదేనని క్యాంప్‌బెల్ తన నివేదికలో ఒప్పుకున్నాడు.

రోజువారీ మదింపు ఎలా ఉండేదో కూడా ఆయన రాశాడు. తెల్లవారి ఆరు గంటలకు బడి. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండో పిల్లవాడి అరచేతిలో సున్న, అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చేవాళ్ళకు ఒక్కొక్కటి చొప్పున పెరుగుతూ పోయేది. మార్కుల కాగితం లేని కాలంలో అరచెయ్యే ప్రగతి పత్రం. పొద్దున్నే పశువులను తోలి, నీళ్ళు మోసి వచ్చే పిల్లవాడికి ఏ చెయ్యి మిగిలేదో ఊహించడం కష్టం కాదు.

బడి లెక్కలోకి వయసు వచ్చింది మన్రోతోనే. జిల్లాల లెక్కలన్నీ కూడి 1826 మార్చిలో ఆయన రాసిన మినిట్‌లో, అంటే అధికారిక పత్రంలో, 12,498 బడులు కనిపిస్తాయి. పిల్లలు సాధారణంగా బడిలో ఉండే వయసు అయిదు నుంచి పది అనుకుని, ఆ ఈడు మగపిల్లలు ఎంతమంది ఉంటారో జనాభాను బట్టి గుణించాడు. బడికి వస్తున్నది నలుగురిలో ఒకరికి కొంచెం మించి అని తేలింది. ఇళ్ళ దగ్గర చదువుకునేవాళ్ళను కూడా కలిపితే ముగ్గురిలో ఒకరు దాకా ఉండవచ్చని అంచనా వేశాడు. ఈ లెక్కతో, చదువు రానివాడు ఎవరన్న ప్రశ్న పక్కన బడికి రానివాడు ఎవరన్న ప్రశ్న చేరింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి చట్టమూ ఈ రెండో ప్రశ్నకు జవాబు వెతికినదే.

సూరత్ వైపు మార్పు పుస్తకాల దారిన వచ్చింది. 1820ల రెండో సగంలో బొంబాయిలో తర్ఫీదు పొందిన గుజరాతీ మెహతాజీలు, అంటే పంతుళ్ళు, ప్రభుత్వ బడులు నడపడానికి పట్నాలకు వచ్చారు. సూరత్ బడిలో పనిచేసిన దుర్గారామ్ మెహతాజీ పేరు గుజరాత్ సంస్కరణ చరిత్రలో నిలిచిపోయింది. 1844లో మానవ ధర్మ సభ పెట్టినవాళ్ళలో ఆయన ఒకరు. కిమ్ లాంటి ఊళ్ళ బడిని నేరుగా తాకిన మనిషి మాత్రం థియొడోర్ హోప్. సూరత్‌లో తాపీ నది మీద 1877లో తెరిచిన హోప్ వంతెన ఆయన పేరు మీదిదే. అంతకు రెండు దశాబ్దాల ముందు గుజరాత్ విద్యా ఇన్‌స్పెక్టరుగా ఉన్నప్పుడు ఆయన గుజరాతీ వాచకాల వరస ఒకటి తయారు చేయించాడు. కవి దల్‌పత్‌రామ్ కూడా అందులో చెయ్యివేశాడు. ఏడు వాచకాలు, ఏడు మెట్లు. ఏ పుస్తకం చదువుతున్నాడో అదే పిల్లవాడి తరగతి. గుజరాతీ పెద్దలు నేటికీ తమ చదువును చార్ చోపడీ, సాత్ చోపడీ అని పుస్తకాల లెక్కలోనే చెబుతారు. కోస్తా తాతలు థర్డ్ ఫారం, ఫిఫ్త్ ఫారం అని చెప్పుకున్నట్టే ఇది.

ఈ రెండు మాటల వెనక రెండు ప్రెసిడెన్సీల మెట్ల తేడా ఉంది. బొంబాయి వైపు ఇంగ్లీషు చదవాలనుకున్న పిల్లవాడు నాలుగు గుజరాతీ తరగతులు ముగించి, ఇంగ్లీషు ఒకటిలో చేరి, ఏడేళ్ళకు మెట్రిక్ రాసేవాడు. మద్రాసు వైపు అయిదు తరగతుల తర్వాత ఆరు ఫారాలు. ఎటు కూడినా పదకొండేళ్ళే. ఇంగ్లీషుకు పోనివాడు గుజరాతీలోనే ఏడో చోపడీ దాకా చదివి వర్నాక్యులర్ ఫైనల్ పరీక్ష రాసేవాడు. అది ప్యాసైతే పల్లె బడి పంతులు ఉద్యోగానికి దారి ఉండేది. పన్నెండు, పదమూడేళ్ళ వయసులో రాసే ఆ ఒక్క పరీక్ష, ఓల్పాడ్ తాలూకా రైతు ఇంటి పిల్లవాడు పొలంలో ఉంటాడో బల్ల ముందు కూర్చుంటాడో తేల్చేది. మెట్రిక్ అంతకంటే దూరపు మెట్టు. గాంధీ 1887లో రాజ్‌కోట్ నుంచి అహ్మదాబాద్ వెళ్ళి ఆ పరీక్ష రాశారు. అప్పటికి ఆయనకు 18 ఏళ్ళు.

పరీక్ష పిల్లవాడిది మాత్రమే కాదు, బడిది కూడా అయింది. 1860ల నుంచి బొంబాయి, మద్రాసు ప్రభుత్వాలు సహాయం పొందే బడులకు ఫలితాన్ని బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి తెచ్చాయి. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున ఎంతమంది పిల్లలు చదవడం, రాయడం, లెక్కల్లో గట్టెక్కితే అంత డబ్బు. పంతులు జీతం పిల్లవాడి నోటి మీద వేలాడింది. పాఠం అర్థం కావడం కంటే ఆ ఒక్క రోజుకు అప్పజెప్పడం ముఖ్యమైంది. ఇరవయ్యో శతాబ్ది మొదట్లో ఈ పద్ధతిని ప్రభుత్వమే వదిలేసింది. పరీక్ష కోసమే చదివే అలవాటు మాత్రం గ్రాంటుతోపాటు పోలేదు.

వయసును చట్టంలోకి తెచ్చినవాడు బరోడా మహారాజు మూడో సయాజీరావు గాయక్వాడ్. ఇది కిమ్‌కు దూరపు కథ కాదు. ఓల్పాడ్ బ్రిటిష్ వాళ్ళది, పొరుగునున్న కామ్రేజ్ బరోడావారి నవసారి ప్రాంత్‌లోది. రెండు వైపులా అదే గుజరాతీ, అదే నల్లరేగడి. 1893లో సయాజీరావు అమ్రేలీ తాలూకాలో నిర్బంధ విద్యను ప్రయోగంగా మొదలుపెట్టాడు. మగపిల్లలకు 7 నుంచి 12, ఆడపిల్లలకు 7 నుంచి 10 ఏళ్ళ వయసు హద్దు. పిల్లవాడిని పంపని తండ్రికి జరిమానా. 1906లో ఆ చట్టాన్ని సంస్థానమంతటికీ విస్తరించారు. అప్పటి నుంచి కామ్రేజ్ పొలిమేరలో ఎనిమిదేళ్ళ పిల్ల బడిలో ఉండాలి. ఓల్పాడ్ పొలిమేరలో అదే ఈడు పిల్ల ఎక్కడున్నా అడిగే చట్టం లేదు. ఆడపిల్లల హద్దు పదేళ్ళకే ఆగిపోవడం ఆ చట్టంలోని లోటు. అయినా దేశంలో ఇంకెవరూ ఆ పని చేయని రోజుల్లో ఒక రాజు, ఆడపిల్ల చదువు తండ్రి దయ కాదు, బాధ్యత అని రాతలో పెట్టాడు. ఆ గౌరవం ఆయనకు దక్కి తీరాలి.

బ్రిటిష్ ఇండియాలోనూ అలాంటి చట్టం కావాలని గోపాలకృష్ణ గోఖలే 1911లో బిల్లు పెట్టారు. 6 నుంచి 10 ఏళ్ళ పిల్లలకే అయినా, 1912లో 38 ఓట్లు ఎదురై, 13 ఓట్లతో అది వీగిపోయింది. బొంబాయిలో విఠల్‌భాయ్ పటేల్ పూనుకుని 1918లో తెచ్చిన చట్టం మునిసిపాలిటీలకు నిర్బంధ విద్య పెట్టుకునే వీలు ఇచ్చింది. పట్నాలకే గాని పల్లెకు కాదు.

ఆరేళ్ళ లోపు పిల్లల గురించి అప్పటి దాకా ఏ చట్టమూ మాట్లాడలేదు. ఆ మాట గుజరాత్‌లోనే, భావ్‌నగర్‌లో మొదలైంది. వకీలు వృత్తి మానుకున్న గిజుభాయ్ బధేకా 1920లో దక్షిణామూర్తి సంస్థలో బాల్‌మందిర్ తెరిచారు. మాంటిస్సోరి పద్ధతిని గుజరాతీ ఇంటికి తగ్గట్టు మలిచి, ఆటా కథా పాటా పాఠాలుగా చేశారు. దెబ్బ లేదు, పరీక్ష లేదు. ఆయన దివాస్వప్న అనే పుస్తకంలో నాలుగో తరగతి తీసుకున్న పంతులు ఏడాదంతా కథలూ ఆటలూ నడిపిస్తాడు. అధికారులకూ తోటి పంతుళ్ళకూ దాన్ని ఒప్పించడానికి వాడు పడే పాట్లే ఆ పుస్తకంలో సగం. గిజుభాయ్‌తో కలిసి పనిచేసిన తారాబాయ్ మోడక్ ఆ బాల్‌మందిర్‌ను పేద వాడల్లోకి, ఆదివాసీ గూడేలకు తీసుకుపోయారు. వాకిట్లో నడిచే బడికి అంగన్‌వాడీ అన్న పేరు ఆ పని నుంచే వచ్చింది. 1975లో సమగ్ర శిశు అభివృద్ధి పథకం ఆ పేరును దేశమంతా పాకించింది.

సూరత్ జిల్లాలో ఇంకో పెద్ద నిర్ణయమూ జరిగింది. 1938 ఫిబ్రవరిలో తాపీ ఒడ్డున హరిపురాలో సుభాష్ చంద్రబోస్ అధ్యక్షతన జరిగిన కాంగ్రెస్ మహాసభ, అంతకు ముందు అక్టోబరులో వార్ధాలో గాంధీ ముందుపెట్టిన బేసిక్ విద్య సూత్రాలను ఆమోదించింది. ఏడేళ్ళ ఉచిత నిర్బంధ విద్య, మాతృభాషలో పాఠం, నడుమ ఒక చేతిపని. జాకీర్ హుసేన్ సంఘం ఏడు నుంచి పద్నాలుగు ఏళ్ళ దాకా తరగతుల వారీగా పాఠ్యక్రమం రాసింది. కదురు తిప్పడం, నూలు పేర్చడం అందులో చదువే. నూలు ఎంత, ఎంత సన్నం, ఎన్నిసార్లు తెగింది అన్నది అందరికీ కంటికి కనిపించే మదింపు. అప్పటి సూరత్ జిల్లాలోని వేడ్ఛీలో జుగత్‌రామ్ దవే ఆదివాసీ పిల్లలతో ఈ చదువును ఏళ్ళ తరబడి నడిపారు. పట్నం తల్లిదండ్రులు మాత్రం దీన్ని పేదపిల్లల చదువుగానే చూశారు. మెట్రిక్ మీది మోజు తగ్గలేదు.

స్వాతంత్ర్యం తర్వాత గీతలు మళ్ళీ జరిగాయి. 1964–66 నాటి కొఠారి కమిషన్ దేశానికంతటికీ పది, రెండు, మూడు అన్న వరస సూచించింది. తెలుగునాట పదో తరగతి మీద రెండేళ్ళ ఇంటర్మీడియట్ వచ్చి కాలేజీ గుమ్మంలో నిలిచింది. గుజరాత్ పన్నెండునూ హైస్కూలు బోర్డులోనే ఉంచింది. అక్కడి మెట్ల విశేషం ఏడో తరగతి దగ్గర ఉంది. పాత సాత్ చోపడీ లెక్క చెరగకుండా, ప్రాథమిక విద్య ఒకటి నుంచి ఏడు దాకానే ఉండేది. ఎనిమిది హైస్కూలు చదువు. పల్లె బడి ఏడుతో ఆగితే పన్నెండు, పదమూడేళ్ళ పిల్ల ఎనిమిదికి పొరుగూరికి పోవాలి. ఆ ఊరికి బస్సు ఉందా లేదా అన్నది, తోడు ఎవరొస్తారన్నది ఆమె చదువును తేల్చేది. కాగితం మీద ఒక గీత ఎక్కడ గీస్తారన్నది ఇంత పని చేస్తుంది. 2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చి, ఆరు నుంచి పద్నాలుగు ఏళ్ళ చదువును ఒకటి నుంచి ఎనిమిదిగా లెక్క కట్టాకే ఎనిమిదో తరగతి ప్రాథమిక బడికి చేరింది.

ఆ చట్టంలో వలస కుటుంబాలకు అన్నిటికంటే అక్కరకొచ్చేది నాలుగో సెక్షన్. బడికి రాని పిల్లవాడు ఎప్పుడు వచ్చినా వయసుకు తగిన తరగతిలో చేర్చాలి, వెనకబడిన చదువుకు విడిగా తర్ఫీదు ఇవ్వాలి. పదేళ్ళవాడిని అక్షరాలు రావని ఒకటిలో చిన్నపిల్లల పక్కన కూర్చోబెట్టరాదు. ధూళీ నిశాళ్ కొలతకు ఇది పూర్తిగా తలకిందులు. కిమ్ చుట్టుపక్కల ఈ సెక్షన్‌కు ప్రతి ఏడూ పని ఉంటుంది. సాయణ్ చక్కెర ఫ్యాక్టరీ లాంటి వాటికి చెరకు నరకడానికి దీపావళి దాటాక కుటుంబాలు గుడారాలతో దిగుతాయి. వేసవికి తిరిగిపోతాయి. పిల్లల బడి సంవత్సరం నడిమికి విరుగుతుంది. మరమగ్గాల కుటుంబాలది మరో తీరు. తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన నేత కుటుంబాలు సూరత్‌లో తరాలుగా స్థిరపడ్డాయి. వాళ్ళ పిల్లల కోసం సూరత్ నగర ప్రాథమిక శిక్షణ సమితి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషులతోపాటు తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. ఆ ఏర్పాటు కార్పొరేషన్ హద్దులోపలిది. హద్దు దాటి కిమ్ వైపు వస్తే బడులు జిల్లా పంచాయతీవి. వయసుకు తగిన తరగతి దొరికినా ఆ తరగతిలో వినపడే భాష కొత్తదైతే, పిల్లవాడు ఎక్కిన మెట్టు పేరుకే మిగులుతుంది.

మదింపు కూడా ఈ కాలంలో రెండు వైపులా లాగింది. విద్యాహక్కు చట్టం ఎనిమిది దాకా ఎవరినీ ఆపవద్దంది, ఏడాది పొడుగునా నిరంతర మూల్యాంకనం చేయమంది. గుజరాత్ 2009లో గుణోత్సవ్ మొదలుపెట్టింది. మంత్రులూ అధికారులూ బడులకు వెళ్ళి పిల్లల చదవడం, రాయడం, లెక్కలు చూసి బడికి ఒక గ్రేడు ఇచ్చేవారు. నూటయాభై ఏళ్ళ కిందటి ఇన్‌స్పెక్టరు రోజు మళ్ళీ కళ్ళ ముందు నిలుస్తుంది, గ్రాంటు ముడి ఒక్కటే లేదు. 2019లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, అయిదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష పెట్టి, తప్పితే రెండు నెలల్లో మళ్ళీ రాయించి, అప్పటికీ రాకపోతే ఆపే వీలు రాష్ట్రాలకు ఇచ్చింది. గుజరాత్ ఆ వీలు తీసుకుంది. పిల్లవాడు చదవడం నేర్చుకోకుండా ఎనిమిదికి చేరడం అన్యాయమే. నేర్పలేకపోయిన ఏడాదినే మళ్ళీ వాడి నెత్తిన పెట్టడం ఇంకో అన్యాయం. ఆ రెండు నెలల్లో వాడి పక్కన ఎవరు కూర్చుంటారన్న దాన్ని బట్టే ఈ సవరణ మంచిచెడులు ఉంటాయి.

2020 జాతీయ విద్యా విధానం మెట్లన్నీ వయసు మీదే కట్టింది. మూడు నుంచి ఎనిమిది ఏళ్ళ దాకా పునాది దశ, పదకొండు దాకా సన్నాహక దశ, పద్నాలుగు దాకా మధ్య దశ, పద్దెనిమిది దాకా సెకండరీ. అంగన్‌వాడీ మూడేళ్ళూ ఒకటి, రెండు తరగతులూ మొదటిసారి ఒకే మెట్టు అయ్యాయి. పునాది దశకు 2022లో వచ్చిన పాఠ్య చట్రం రాత పరీక్ష వద్దంది. పిల్లవాడు ఆడేటప్పుడు, బొమ్మ వేసేటప్పుడు, మాట్లాడేటప్పుడు పంతులమ్మ గమనించి రాసుకోవాలి. పై దశల ప్రగతి పత్రంలో పంతులుతోపాటు పిల్లవాడూ తోటిపిల్లలూ కూడా అభిప్రాయం చెప్పే చోటుంది.

గుజరాత్ ప్రభుత్వం 2023–24 నుంచి ఒకటో తరగతికి జూన్ 1 నాటికి ఆరేళ్ళు నిండి ఉండాలని తేల్చింది. తెలుగు రాష్ట్రాల్లో చాలాకాలంగా అయిదు నిండితే ఒకటిలో వేసే అలవాటుంది కాబట్టి, అక్కడి నుంచి వచ్చిన కుటుంబానికి ఏడాది వెనక్కి పోయినట్టు అనిపిస్తుంది. అయిదు నిండి ఆరు నిండని పిల్లల కోసం ప్రాథమిక బడుల్లో అదే ఏడు బాల్‌వాటిక పేరుతో కొత్త తరగతి తెరిచారు. జూన్ 2న పుట్టిన పిల్ల ఒక్క రోజు తేడాతో ఆ ఏడాది ఒకటో తరగతి గదికి బదులు బాల్‌వాటికలో కూర్చుంటుంది. అక్కడ ఆమె చేతికి పరీక్ష కాగితం రాదు. రంగులు, పూసలు, బొమ్మల పుస్తకం వస్తాయి.